విత్తినవారి గడి

సింగపూర్ బిషాన్‌లో మా ఫ్లాట్ కిటికీలకు పడమటి వాన కొడుతుంది. మధ్యాహ్నం మబ్బు పట్టగానే వాటిని మూయడం, ఉద్యోగం మానేశాక నాకు మిగిలిన కొద్ది బాధ్యతల్లో ఒకటి. మూస్తూ మూస్తూ ఎప్పుడైనా ఒక పాత మాట నోటికొస్తుంది. "మీ కాడ వాన పడిందా?" అంటాను. మా ఆవిడ వంటింట్లోంచి, "పడుతోందిగా, మీరే కదా తలుపులేస్తున్నారు?" అంటుంది. ఆమెకు ఆ మాట వెనక కథ తెలుసు. మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

పండగలకీ పుట్టినరోజులకీ కలిసే తెలుగు పిల్లలు నన్ను కూర్చోబెట్టి, "అంకుల్, ఆ ఐటీ బూమ్ రోజుల్లో మీరంతా ఏం చేసేవారు?" అని అడుగుతుంటారు. వాళ్ల ఊహలో ఆ రోజులంటే కొత్త కంపెనీలు, సూట్‌కేసులు, చేతులు మారే ఆఫర్ లెటర్లు. అవన్నీ నేనూ చూశాను. కానీ నాకు ఆ కాలం అనగానే వేరుశనగ పంట గుర్తొస్తుంది.

నేను కంప్యూటర్ మనిషిని కాను. రాయలసీమలో ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో చాలాకాలం పనిచేశాను. వాన లేదన్న వార్త, విత్తనాల కోసం బారులన్న వార్త, కరువు సాయం ప్రకటించారన్న వార్త, ప్రకటించిన సాయం రాలేదన్న వార్త. ఏటా ఇదే వరస. ఇలా ఉండగా సింగపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మా జిల్లా పని ఒకటి దొరికింది. పంట ఎండిన రైతులకు ప్రభుత్వం ఇచ్చే సాయం నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా కంప్యూటర్ ఏర్పాటు చేయాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ కంపెనీలో కావలసినంతమంది ఉన్నారు. పల్లె అధికారికి అర్థమయ్యేలా తెలుగులో నాలుగు ముక్కలు రాసేవాడు లేడు. అలా నాకు పిలుపొచ్చింది.

డెస్కులో నా సీనియర్ అడిగాడు, "అక్కడికెళ్లి ఏం రాస్తావయ్యా?" అని.

"ఇక్కడ నొక్కండి అని రాస్తాను."

"పోనీలే, అక్కడైనా చదివినవాళ్లు నువ్వు చెప్పినట్టు చేస్తారు," అన్నాడు.

మా జట్టు చిన్నది. పైన మేనేజర్, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ, యాభై దాటిన మనిషి. కుర్రాళ్లు ఎదురుగా మేడమ్ అనేవారు, చాటుగా బాస్ ఆంటీ అనేవారు. ఆమెకు రెండూ తెలుసు. ఆమె కింద ఒక కోస్తా అబ్బాయి, చురుకైనవాడు, నోటికి బ్రేకు లేనివాడు. ఇంకొకడు మా జిల్లావాడే, నెమ్మదస్తుడు. చూపుకి పరాకుగా ఉండేవాడు కానీ రాసిన ప్రోగ్రాములో తప్పు పట్టుకోవడం కష్టం. వీళ్లిద్దరూ క్లెమెంటిలో ఒకే గది అద్దెకు తీసుకుని ఉండేవారు.

ఆదివారాలు మా జిల్లా అబ్బాయీ నేనూ లిటిల్ ఇండియాకు కూరగాయలకు వెళ్లేవాళ్లం. అతను ముందు ఒక ఫోన్ కార్డు కొనేవాడు. కొట్టు బయట ఉన్న ఫోన్ నుంచి రెండు కాల్స్ చేసేవాడు. మొదటిది వాళ్ల నాన్నకు. బాగున్నావా, బాగున్నాను, అంతే. రెండోది వాళ్ల ఊరి ఎస్టీడీ బూత్‌కి. అక్కడ ఒకావిడ ముందే వచ్చి కూర్చుని ఉండేది.

ఆవిడ వాళ్ల భూమిని గుత్తకు చేసే మనిషి. ఏడాదికింత అని మాట్లాడుకుని, నోటి మాట మీదే సాగు చేస్తుంది. చిన్నప్పుడు ఇతని తల్లి మంచాన పడితే ఇతన్ని చంకనేసుకుని తిప్పింది ఆవిడేనట. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇతను అత్తా అంటాడు, ఆవిడ అల్లుడా అంటుంది. భర్త పోయాక ఆ నేలమీదే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. అరుగు మీద పెట్టిన రేడియో అంత గొంతు ఆవిడది. పక్కన నిలబడ్డ నాకూ అన్నీ వినిపించేవి. ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే.

"మీ కాడ వాన పడిందా అల్లుడా?"

సింగపూర్ సంగతి మీకు తెలుసు. అప్పుడే కురిసి వెలిసి ఉంటుంది, లేదా కురుస్తూనే ఉంటుంది. ఇతని చొక్కా భుజాల మీద తడిసి ఉండేది. అటు పక్క నేల నెర్రెలిచ్చి ఉంది. ఎలా చెప్తాడు?

"లేదత్తా."

"ఆడ గూడా ల్యా? ఏం కాలమొచ్చెరా నాయనా. పడ్తాదిలే, నువ్వేం దిగులుపడాకు."

కరువు సీమలో నిలబడి ఆవిడ సింగపూర్‌కు ధైర్యం చెప్పేది. ఫోన్ పెట్టేశాక మేం ఇద్దరం నవ్వుకునేవాళ్లం. తర్వాత నీళ్ల గుంటలు దాటుకుంటూ మార్కెట్‌కు పోయేవాళ్లం.

ఆ ఏడు వేరుశనగ నిలువునా ఎండిపోయింది. ఆవిడ అప్పు చేసి విత్తనాలు వేసింది. మళ్లీ తొలకరి నాటికి విత్తనాలు కొనలేకపోతే ఆ నేల ఇంకొకరి చేతికి పోతుంది. ఆవిడ పిల్లల్ని తీసుకుని బెంగళూరు పోయి ఇసుక మోయాలి. ఊళ్లో ఆమెలాంటి వాళ్లు అప్పటికే పోతున్నారు.

సాయం రెండు విడతలుగా ఇస్తామన్నారు. మొదటి విడతను మా ఏర్పాటు ద్వారా కొన్ని ఊళ్లలో పరీక్షగా చెల్లించారు. అన్నీ సరిగ్గా వెళ్లాయని కబురు వచ్చిన రోజు, కోస్తా అబ్బాయి తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్లు పరిచి మా అందరికీ టేబుల్ చోప్ చేసి, అంటే మా చోటు ముందే పట్టి పెట్టాడు. బయట వాన.

"ఈరోజు మకాన్, అందరి తిండీ నాది," అన్నాడు మా జిల్లా అబ్బాయి. "మా ఊరూ ఉండాది పరీక్షలో. మా నాయన ఫోన్ చేసినాడు. కరువు డబ్బు పడిందంట. నా పేరుతో!"

"ఏంట్రా, ఏసీలో కూర్చున్నవాడికి కరువొచ్చిందా?" అన్నాడు కోస్తా అబ్బాయి.

"పాస్ పుస్తకం నా పేరుతోనే ఉండాది. నేను రైతునే."

"అయితే నాగలి ఏ చివర పట్టుకోవాలో చెప్పు చూద్దాం."

నవ్వులు. ఏమిటని మేనేజర్ అడిగితే కోస్తా అబ్బాయే ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆమె నవ్వలేదు. నూడుల్స్ గిన్నె పక్కకు జరిపింది.

"నువ్వా నాటింది?"

"కాదు మేడమ్. ఒక ఆంటీ. మా దగ్గర భూమి తీసుకుని చేస్తుంది."

"పంట పోయింది ఆమెదే కదా?"

"ఆమెదే."

"మరి డబ్బు నీకెందుకు?"

"భూమి మాది కదా మేడమ్."

"ల్యాండ్ స్టిల్ దేర్, వాట్. క్రాప్ డై ఆల్రెడీ లా," అంది ఆమె.

భూమి ఎక్కడికీ పోలేదు, చచ్చింది పంట అని. 

అప్పుడు చెప్పింది తన సంగతి. ఆమె తండ్రి సింగపూర్ శివార్లలో చువా చు కాంగ్ వైపు కూరగాయలు పండించేవాడు. నేల ఆయనది కాదు, అద్దె. ఆ నేల సొంతదారు ఎలా ఉంటాడో కూడా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. తర్వాత ఫ్లాట్లు కట్టడానికి ఆ తోటలన్నీ తీసేసుకున్నారు. ఒక అధికారి వచ్చి చెట్ల మధ్య తిరుగుతూ రంబుటాన్ ఎన్ని, అరటి ఎన్ని, కోళ్ల గూళ్లు ఎన్ని అని రాసుకున్నాడట. చెట్లకు పరిహారం నాటిన మనిషికే ఇచ్చారు.

"మా నాన్న ఆ అధికారికి టీ ఇవ్వలేదు, తోట పోతోందన్న కోపంతో," అంది. "కానీ ప్రతి చెట్టు దగ్గరికీ తనే తీసుకెళ్లి, ఇది నేను పెట్టాను, ఇది నేను పెట్టాను అని చెప్పాడు. అంత గట్టిగా మాట్లాడటం మళ్లీ ఎప్పుడూ వినలేదు నేను."

ఆఫీసుకు వెళ్లాక అందరం తెర ముందు కూర్చున్నాం. పల్లె లెక్కల్లో భూమి ఎవరిది అన్న గడి ఒకటుంటుంది. దాని పక్కనే సాగు ఎవరిది అన్న గడి కూడా ఉంటుంది. మాకు వచ్చిన నమూనాల్లో రెండింటిలోనూ ఒకే పేరు. ఒకే పేరు రెండుసార్లు దేనికని కోస్తా అబ్బాయి రెండోది తీసేశాడు. సాఫ్ట్‌వేర్‌లో అది మంచి పద్ధతే. మేమెవరం అడ్డు చెప్పలేదు. తెలుగువాళ్లం ముగ్గురం భూమి ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లమే. పాస్ పుస్తకం ఎవరి పేరుతో ఉంటే వాళ్లే రైతు అన్నది మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం.

రెండు గడుల్లో ఒకే పేరు ఎందుకుంటుందో మా జిల్లా అబ్బాయి మేనేజర్‌కి చెప్పాడు. గుత్తకు తీసుకున్నవాళ్ల పేరు ఎక్కడా కాగితం మీద పడనివ్వరు. పడితే రేపు భూమి మాదంటారేమోనని భయం. కొందరైతే రెండేళ్లకోసారి మనిషినే మార్చేస్తారు.

"మీ నాన్న కూడానా?"

"మా నాయన మనిషిని మార్చలేదు మేడమ్. పేరూ రాయనీలేదు."

ఆ ఆదివారం అతను వాళ్ల నాన్నను అడిగాడు, వచ్చిన సాయం ఆమెకు ఇవ్వమని. "పండక్కి చీర పెడ్తాం లేరా," అన్నాడాయన. "ఇత్తనాలప్పుడు అడిగితే ఏమన్నా ఇస్తాం. అది వేరే, ఇది వేరే." ఇది ఎందుకు వేరో ఆయన చెప్పలేదు.

మేనేజర్ ఊరుకునే మనిషి కాదు. రెండో విడతకు ముందు తెరమీద ఒక గడి పెడదామంది. యజమాని ఇష్టపడితే ఈ పంట వేసింది ఎవరో అందులో చెప్పొచ్చు. చెబితే సాయం వాళ్లకు వెళ్తుంది. ఖాళీగా వదిలేస్తే పాత పద్ధతే. మా జిల్లా అబ్బాయి ఆ గడిని ఇంకో ఏర్పాటుతో కట్టాడు. పంటకాలం ముగియగానే అందులోని పేరు దానంతటదే చెరిగిపోతుంది.

గడి కింద రాసే మాటలు నా వంతు. మొదట రాసింది గెజెట్‌లా వచ్చింది. మేనేజర్ దాన్ని మా జిల్లా అబ్బాయి చేత చదివించి, "మీ నాన్న చదివితే ఏం చేస్తాడు?" అని అడిగింది.

"లాయర్ దగ్గరికి పోతాడు."

మళ్లీ రాశాను. మళ్లీ లాయర్ దగ్గరికే పోయాడు. డెస్కులో మొదటి పేజీ శీర్షికకు కూడా అంత అవస్థ పడలేదు. చివరికి నిలిచింది ఇది: "ఈ పంట వేసినవారి పేరు ఇక్కడ చెప్పండి. ఈ పంటకు వచ్చే సాయం వారికి చేరుతుంది. పంటతోపాటే ఈ పేరూ పోతుంది. భూమి మీదే, మీ పేరుమీదే ఉంటుంది."

"ఇప్పుడు?" అంది మేనేజర్.

అబ్బాయి ఆలోచించాడు. "ఇప్పుడు తిడతాడు. కానీ ఇంట్లోనే కూర్చుని తిడతాడు."

ఆ రోజుల్లో అధికారులు సింగపూర్ రావడం ఒక ముచ్చట. మా జిల్లా నుంచీ కొందరు వచ్చారు. అందులో పెద్దాయన గడి చూసి పెద్దగా నవ్వాడు.

"ఉంచండి, నష్టమేముంది? ఏ ఆసామి నింపుతాడయ్యా దీన్ని? ఖాళీగా పడి ఉంటుంది."

"నేను నింపుతా సార్," అన్నాడు మా జిల్లా అబ్బాయి.

అందరి ముందూ తన సర్వే నంబరు కొట్టాడు. గడిలో ఆవిడ పేరు కొట్టాడు.  అధికారి కుర్చీలో ముందుకు జరిగి, "మీ నాయనకు చెప్పినావా?" అన్నాడు. ఇందాకటి నవ్వు లేదు, మనూరి గొంతు వచ్చేసింది.

"చెప్తా సార్."

చెప్పేలోపే తెలిసిపోయింది. రెండో విడత అందుకున్నవారి పేర్లు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. ఊరంతా చదివింది. తర్వాతి ఆదివారం వాళ్ల నాన్న ఫోన్ ఎత్తలేదు. ఎస్టీడీ బూత్‌లో ఆవిడ ఉంది కానీ వాన సంగతి అడగలేదు.

"ఎందుకు రాసినావప్పా నా పేరు?"

"డబ్బు రాలేదా అత్తా?"

"వచ్చింది. ఇత్తనాలకు సరిపోతాది. యాడ ఏసేది? మీ నాయన భూమి మీదికి రావద్దన్నాడు. పేరెక్కినాక ఇంకేం మిగిలిందన్నాడు. ఇత్తనాలుండి నేల ల్యాకపోతే, నెత్తిన పోసుకునేదా అల్లుడా?"

 మంచి చేయబోతే ఇలా అవుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ వారం కోస్తా అబ్బాయి జోకులు మానేశాడు. వాళ్లిద్దరి గదిలో అన్నం వండి తనే వడ్డించాడట. మేనేజర్ ఒకసారి మా బల్లల దగ్గరికి వచ్చి, ఏదో చెప్పబోయి, నాకూ మా జిల్లా అబ్బాయికీ రెండు కాఫీలు పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం వాళ్ల నాన్న ఫోన్ ఎత్తాడు. కొడుకుతో మాట్లాడనన్నాడు. "ఆడ పేపరాయన ఉన్నాడంట కదా, ఆ మాటలు రాసినోడు. ఆయనకియ్యి," అన్నాడు. రిసీవర్ నా చేతికొచ్చింది.

"అయ్యా, మీరు మా పేపర్లో పని చేసినోరంట."

"చేశానండి."

"చానా ఏండ్లు చదివినా. కరువు సాయం వచ్చేస్తాందని ఎన్నిసార్లు రాసినారు?"

"చాలాసార్లు."

"వచ్చిందెన్నిసార్లు?"

"కొన్నిసార్లు."

"ఇప్పుడేమో పంటతోపాటే పేరు పోతాదని రాసినారు. ఇది నమ్మల్నా?"

నిజం చెప్పాలి. అబద్ధం చెబితే ఆయన పట్టుకుంటాడని కూడా నాకు తెలుసు.

"రేపు చట్టాలు ఎలా మారతాయో నేను చెప్పలేనండి. లాయర్‌ని కాను. కానీ ఆ గడిలో పేరు మాత్రం పంటకాలం అవగానే చెరిగిపోతుంది. చెరిగిపోయేలా కట్టిన మనిషి నాకు బాగా తెలుసు. అతని పనిలో తప్పు రావడం నేనింతవరకు చూడలేదు."

"ఎవురాయన?"

"మీ అబ్బాయే."

అటు పక్క కుర్చీ లాగిన చప్పుడైంది. 

"మావోడా? జిల్లాకంతా?"

"జిల్లాకంతా. డబ్బు పడ్డ ప్రతి ఇంటికీ."

"ఏదో ఆఫీసులో ఫైళ్లు మోస్తాంటాడనుకున్నా," అన్నాడాయన.  "గొర్రు పట్టుకోను రాలా వానికి. సాళ్లు వంకర పోతాండె. ఆ యమ్మే ఎనక నడిసి సరిజేస్తాండె." మళ్లీ తనే అన్నాడు, "ఆ యమ్మ దినామూ వచ్చి వాకిట్లో కూసోని పోతాంది. ఏమీ అడగదు. మా ఇంట్లో కాఫీ ఇస్తే ముట్టదు. ఆ ముట్టనిదే నాకు శానా కష్టంగా ఉండాది. వానికియ్యండి ఫోను."

ఇచ్చి పక్కకు జరిగాను. "ఊ," అన్నాడు అబ్బాయి. "ఊ. సరే నాయనా." ఇంకేదో చెప్పబోతుండగా కార్డు అయిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"తిట్టినాడు అంకుల్. తిట్టి, అన్నం తింటాండావా అని అడిగినాడు. చూస్తాంలే అన్నాడు. అంతలో పోయింది."

చూస్తాంలే. పేపర్లో పనిచేసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. దాని మీద వార్త రాయలేం.

ఇక్కడ ఆ గడి సంగతి చెప్పేస్తాను, లేకపోతే నేనేదో ఘనవిజయం గురించి రాస్తున్నానని మీరు అనుకుంటారు. దాన్ని నింపిన ఆసాములు జిల్లా మొత్తంలో ఏ కొద్దిమందో. ఆ అధికారి అంచనా తప్పు కాలేదు. తర్వాత పని మా కంపెనీ చేయి దాటి ఇంకొకరికి పోయింది. వాళ్లు మొదట తీసేసిన వాటిలో అదొకటి. ఎక్కువగా ఖాళీగా ఉంటోంది కనుక అని కారణం రాశారు. మాకు ఆశ్చర్యం కలగలేదు, మేమూ ఒకప్పుడు ఒక గడిని అలాగే తీసేశాం కదా.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఈసారి లిటిల్ ఇండియాకు కోస్తా అబ్బాయి కూడా వచ్చాడు. ఎవరు చెప్పారో, మేనేజర్ కూడా పెద్ద గొడుగేసుకుని ఫోన్ దగ్గర నిలబడి ఉంది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. వాన మాత్రం కుండపోత. కొట్టు రేకు చూరు మీద దబదబమంటోంది. సెలవు రోజుకి వచ్చిన కూలీ మనుషులు మా చుట్టూ సందులోకి ఒదుక్కుని నిలబడ్డారు.

అబ్బాయి కార్డు గీకి నంబరు కొట్టాడు. నాన్నకు కాదు, నేరుగా బూత్‌కే.

ఆ గొంతు ఆ వాన చప్పుడులో కూడా నాకు వినిపించింది.

"మీ కాడ వాన పడిందా అల్లుడా?"

అతను మా వైపు చూశాడు. కళ్లు మూసుకుని చెప్పాడు.

"పడ్తాందత్తా. దండిగా పడ్తాంది."

అటు పక్క నవ్వు.

"మాకూ పడింది! రాత్రంతా పడింది. నేల పదునైంది. మీ నాయన పొద్దున్నే వచ్చి, ఇంకా ఏం చూస్తాండావమ్మా, గొర్రు కట్టు, పదును పోతే మళ్లా రాదన్నాడు. తెల్లారితే ఇత్తుతాండా."

 మేనేజర్ నా మోచేయి పట్టుకుని, "షీ ప్లాంట్ ఆర్ నాట్?" అని అడుగుతోంది. కోస్తా అబ్బాయి, "టుమారో మేడమ్, టుమారో," అంటూ ఆమె గొడుగు లాక్కుని పైకెత్తి తిప్పుతున్నాడు.

"అత్తా," అన్నాడు మా జిల్లా అబ్బాయి కాసేపటికి. "ఇన్నాళ్లూ లేదని చెప్పినా గానీ, ఈడ ఎప్పుడూ పడ్తానే ఉండె."

"నాకు తెల్సులే అల్లుడా," అంది ఆవిడ. "ఫోన్లో ఇనపడ్తానే ఉండె. అది ఇందామనే గదా అడుగుతాంటి."